కొత్త బ్యాటరీ వేసినా బ్యాకప్ రావట్లేదా? రిటర్న్ గడువు అయిపోయేలోపు ఈ లెక్క ఒక్కటి చేయండి

ఈ ఎపిసోడ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ గురించి. ముందు ఒక ఫోన్ కాల్ సంగతి చెప్తాను, ఎందుకంటే నేను ఇచ్చిన తప్పు సలహా కూడా అందులోనే ఉంది.

ఒక సోమవారం రాత్రి పదకొండింటికి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. బీటెక్ ఫైనల్ ఇయర్, అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటుంది. "అన్నా, కొత్త బ్యాటరీ వేయించా. గంటా పది నిమిషాలకే ఆగిపోతోంది. శనివారం ఒక కంపెనీ కోడింగ్ టెస్ట్ ఉంది, గంటన్నర. మధ్యలో కరెంట్ పోతే నా పని అయిపోయినట్టే" అంది. బ్యాటరీ ఆన్‌లైన్‌లో 1,900 రూపాయలకి కొన్నదట. రిటర్న్ గడువు 10 రోజులు, అందులో 5 రోజులు అప్పటికే అయిపోయాయి.

నేను నిద్రమత్తులో అందరూ చెప్పేదే చెప్పాను. "కొత్తది కదా, ఫుల్ చార్జ్ పెట్టి సున్నాకి దించు, మళ్లీ ఫుల్ చెయ్. రెండుసార్లు చేస్తే సెట్ అయిపోద్ది." పాపం ఆ పిల్ల రెండు రోజులు అదే పని చేసింది. ఏమీ మారలేదు. బుధవారం సాయంత్రం నేనే వెళ్లాను. అప్పటికి గడువు 3 రోజులే మిగిలింది. ఆ సాయంత్రం మేం చేసిందే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

ముందు ఒక్క విషయం బుర్రలోకి ఎక్కించుకోండి. హాస్టల్ మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది కదా. పొద్దున్న ఎనిమిదింటికే నీళ్లు అయిపోయాయి అనుకోండి. ఎందుకు? ట్యాంకు చిన్నదై ఉండొచ్చు. కుళాయిలన్నీ ఎవరో తిప్పి వదిలేసి ఉండొచ్చు. లేదా లెవెల్ చూపించే మీటర్ తప్పు చూపిస్తూ ఉండొచ్చు, సగమే నిండినా "ఫుల్" అంటూ. బ్యాటరీ కూడా అంతే. త్వరగా దిగిపోతోంది అంటే బ్యాటరీలో పవర్ తక్కువుందా, ల్యాప్‌టాప్ ఎక్కువ తాగుతోందా, పర్సెంటేజ్ అబద్ధం చెప్తోందా? ఈ మూడింటిలో ఏదో తెలియకుండా మందు వేస్తే నేను ఫోన్లో ఇచ్చిన సలహాలాగే ఉంటుంది.

ఇక్కడ ఫోన్ అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్ బ్యాటరీని మనం ఎంఏహెచ్‌లో చూస్తాం. 5,000 ఎంఏహెచ్ అంటే పెద్దది, 4,000 అంటే చిన్నది. మా చెల్లి అడిగింది కూడా అదే: "నా ఫోన్ బ్యాటరీ 5,000, ల్యాప్‌టాప్‌ది 3,600 ఏంటన్నా? మోసం చేశారా?" కాదు. ఎంఏహెచ్ ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు, దాన్ని వోల్టేజ్‌తో గుణించాలి. ఫోన్ బ్యాటరీ సుమారు 3.85 వోల్టులు. 5 ఇంటూ 3.85, అంటే 19 వాట్ అవర్స్ పైచిలుకు. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ 11.4 వోల్టులు. 3.6 ఇంటూ 11.4, అంటే 41 వాట్ అవర్స్. ఫోన్‌కి డబుల్ కంటే ఎక్కువ. ఇంకో కంపెనీ ఇదే 41 వాట్ అవర్స్‌ని 7.6 వోల్టుల బ్యాటరీగా చేస్తే దాని మీద 5,400 ఎంఏహెచ్ అని ఉంటుంది. రెండిట్లో ఉన్న పవర్ ఒక్కటే. అందుకే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద చూడాల్సింది వాట్ అవర్స్.

వాట్ అవర్స్ ఎందుకంత ముఖ్యం అంటే, దాన్ని మీ ల్యాప్‌టాప్ తాగే వాట్లతో భాగిస్తే గంటలు వచ్చేస్తాయి. 41 వాట్ అవర్స్ బ్యాటరీ, ల్యాప్‌టాప్ 10 వాట్లు తాగుతోంది, నాలుగు గంటలు వస్తుంది. 20 వాట్లు తాగుతోంది, రెండు గంటలే. ఈ భాగహారమే ఈరోజు మన ఆయుధం.

సరే, ల్యాప్‌టాప్ తెరుద్దాం. విండోస్‌లో స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరవండి. నల్ల కిటికీ వస్తుంది, భయపడకండి. అందులో పి, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సి, ఎఫ్, జి అని కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, దాని పక్కనే బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో ఒకే పదంగా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. స్లాష్ అంటే క్వశ్చన్ మార్క్ బటన్ మీద ఉండేది. ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే రాస్తుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

(స్క్రీన్ మీద రిపోర్ట్ చూపిస్తూ) ఇందులో చాలా ఉంటుంది. మనకి కావాల్సినవి రెండు నంబర్లు. డిజైన్ కెపాసిటీ, అంటే బ్యాటరీ తయారైనప్పుడు ఎంత పట్టాలో అది. ఫుల్ చార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు ఎంత పడుతోందో అది. రెండూ మిల్లీ వాట్ అవర్స్‌లో ఉంటాయి, వెయ్యితో భాగించుకోండి. చెల్లి పాత బ్యాటరీ హిస్టరీ కూడా అదే రిపోర్ట్‌లో ఉంది: డిజైన్ 41,040, ఫుల్ చార్జ్ 14,000 దగ్గర. మూడేళ్లు వాడింది, రోజంతా చార్జర్‌కే తగిలించి ఉంచింది, పరుపు మీద పెట్టి వేడెక్కించింది. అది చావడంలో వింతేం లేదు.

మరి కొత్తది? డిజైన్ 41,040. ఫుల్ చార్జ్ 41,040. అక్షరాలా సమానం. అంటే రిపోర్ట్ ప్రకారం బ్యాటరీ నూటికి నూరు శాతం బాగుంది! ఇక్కడే చాలామంది "అయితే బ్యాటరీలో తప్పు లేదు, విండోస్‌దే తప్పు" అనుకుని ఫార్మాట్ కొట్టించేస్తారు. ఆగండి.

ఆ నంబర్ ఎక్కడినుంచి వస్తుందో చెప్తాను. బ్యాటరీ ప్యాక్ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది, ఫ్యూయెల్ గేజ్ అంటారు. లోపలికి ఎంత కరెంట్ వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని అది లెక్క రాసుకుంటూ ఉంటుంది. విండోస్ తనంతట తాను ఏమీ కొలవదు, ఆ చిప్ చెప్పిందే మనకి చూపిస్తుంది. డిజైన్ కెపాసిటీ అనేది ఫ్యాక్టరీలో ఆ చిప్‌లో రాసిపెట్టిన అంకె. మంచి కంపెనీ నిజం రాస్తుంది. లోపల చవక సెల్స్ పెట్టినవాడు కూడా అదే అంకె రాసేయొచ్చు, ఎవడు ఆపుతాడు? రెండు నంబర్లూ సమానంగా ఉన్నాయంటే మోసం అని కాదు, కొత్త బ్యాటరీ మొదటి రోజుల్లో ఇలా చూపించడం మామూలే. చిప్ ఇంకా సొంతంగా కొలవలేదు, రాసిచ్చింది చదువుతోంది అని మాత్రమే అర్థం.

అందుకే మనమే కొలవాలి. బ్యాటరీఇన్ఫోవ్యూ, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చార్జర్ తీసేశాక డిశ్చార్జ్ రేట్ అని ఒక లైన్ చూపిస్తాయి, ఈ క్షణం ల్యాప్‌టాప్ ఎన్ని వాట్లు తాగుతోందో. ఇది కూడా ఆ చిప్ చెప్పేదే కదా అంటారేమో. నిజమే, కానీ కరెంట్ కొలిచే పని అది మామూలుగా సరిగ్గానే చేస్తుంది. అబద్ధం సాధారణంగా "మొత్తం ఎంత ఉంది" అనే దగ్గరే ఉంటుంది.

మొదటి టెస్ట్. "నువ్వు రోజూ ఎలా వాడతావో అలాగే వాడు" అన్నాను. ఫుల్ చార్జ్ చేసి, చార్జర్ పీకి, పక్కన కాగితం పెట్టుకుని పది నిమిషాలకోసారి వాట్లు రాసుకున్నాం. అటూ ఇటూగా 19 వాట్లు. అంత చిన్న ల్యాప్‌టాప్‌కి 19 అంటే చాలా ఎక్కువ. గంటా పది నిమిషాలకి టప్‌మని ఆగిపోయింది. ఇంకో సంగతి, పర్సెంటేజ్ 48 వరకు నెమ్మదిగా దిగింది, అక్కడినుంచి ఒక్కసారిగా 6కి పడి ఆఫ్ అయింది. ఇలాంటి దూకుడు కనిపిస్తే గుర్తుపెట్టుకోండి, చిప్ లెక్కకీ లోపల ఉన్నదానికీ పొంతన లేదన్నమాట.

19 వాట్లు ఎందుకు తాగుతోంది? చూస్తే నాకు నవ్వొచ్చింది. బ్రైట్‌నెస్ ఫుల్. వెనకాల కదిలే లైవ్ వాల్‌పేపర్, దానికో యాప్, అది గ్రాఫిక్స్ చిప్‌ని పడుకోనివ్వదు. అన్నిటికంటే పెద్దది ఏంటో తెలుసా? ఫోన్! రూములో నలుగురికి రెండే ప్లగ్ పాయింట్లు. అందుకని తన ఫోన్‌ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించి చార్జ్ పెడుతోంది. ఇందాక లెక్క గుర్తుందా, ఫోన్ బ్యాటరీ 19 వాట్ అవర్స్. ల్యాప్‌టాప్ బ్యాటరీ మంచిదే అయినా, ఒక ఫోన్‌ని సున్నా నుంచి నింపితే దాదాపు సగం అక్కడికే పోతుంది, మధ్యలో వేడిగా పోయేది అదనం. నాకు తెలిసి హాస్టల్ పిల్లల్లో సగం మంది ఇదే చేస్తున్నారు. చార్జర్ తగిలించి ఉన్నప్పుడు చేసుకోండి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు మాత్రం వద్దు.

మళ్లీ ఫుల్ చార్జ్ చేశాం. రెండో టెస్ట్. ఫోన్ తీసేశాం, వాల్‌పేపర్ యాప్ ఆపేశాం, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించాం. 11 వాట్లకి దిగింది. ఈసారి సరిగ్గా రెండు గంటలు వచ్చింది.

చెల్లి ఎగిరి గంతేసింది. గంటన్నర టెస్ట్‌కి రెండు గంటల బ్యాకప్, ఇంకేం కావాలి? నేను కూడా "సమస్య తీరిపోయింది" అని వచ్చేసేవాడినే. కాగితం మీద గుణకారం చేశాక ఆగాను. మీరూ చేయండి. మొదటిసారి 19 వాట్లు, గంటా పది నిమిషాలు: 22 వాట్ అవర్స్. రెండోసారి 11 వాట్లు, రెండు గంటలు: 22 వాట్ అవర్స్.

వాడకం మారింది, టైమ్ మారింది, లబ్ధం మారలేదు. రెండుసార్లూ ఆ బ్యాటరీలోంచి వచ్చింది 22 మాత్రమే. 41 అని రాసి అమ్మిన బ్యాటరీలో ఉన్నది 22. వెయ్యి లీటర్ల ట్యాంకు అని రాసి ఐదొందల లీటర్ల ట్యాంకు పెట్టినట్టు. కుళాయిలు కట్టేస్తే నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, నిజమే, ట్యాంకు మాత్రం పెరగదు. కొత్తగా ఉన్నప్పుడే సగం ఉంటే ఆరు నెలలకి ఏమవుతుందో ఆలోచించండి.

ఇప్పుడు కాలిబ్రేషన్ సంగతి. నేను ఫోన్లో చెప్పింది అదే, కాకపోతే సగం చెప్పాను, ఎందుకు చేస్తారో కూడా చెప్పలేదు. కాలిబ్రేషన్ బ్యాటరీని బాగుచేయదు. చిప్‌కి నిజం నేర్పిస్తుంది, అంతే. దానికి మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. 100 వరకు చార్జ్ చేసి, చార్జర్ తీయకుండా ఓ రెండు గంటలు వదిలేయాలి. తర్వాత చార్జర్ తీసి, మధ్యలో మళ్లీ పెట్టకుండా, దానంతట అది ఆగేవరకు నడపాలి. ఆగాక మూడు నాలుగు గంటలు అలాగే ఉంచాలి. అప్పుడు ఆపకుండా మళ్లీ ఫుల్ చార్జ్. చెల్లి హడావుడిగా ఆగిన వెంటనే చార్జర్ పెట్టేసింది, అందుకే చిప్ ఏమీ నేర్చుకోలేదు. బుధవారం రాత్రంతా పద్ధతిగా చేశాం. గురువారం మధ్యాహ్నం రిపోర్ట్ మళ్లీ తీస్తే ఫుల్ చార్జ్ కెపాసిటీ 22,610 అని వచ్చింది. మా కాగితం మీది లెక్కే చిప్ కూడా ఒప్పుకుంది.

ఇది నెలకోసారి, వారానికోసారి చేయకండి. లిథియం అయాన్ బ్యాటరీని సున్నాకి దించడం దానికి శ్రమ. కొత్త బ్యాటరీ వేసినప్పుడు ఒకసారి, పర్సెంటేజ్ దూకుతుంటే ఒకసారి, చాలు. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేయమని కూడా చాలామంది చెప్తారు. చేస్తే నష్టం లేదు. బ్యాటరీలో లేని పవర్ మాత్రం దానివల్ల రాదు.

మీ దగ్గర 22 కాకుండా 38, 39 అలా వచ్చిందనుకోండి. అప్పుడు బ్యాటరీ మంచిదే, తప్పు వాడకంలో ఉంది. టాస్క్ మేనేజర్‌లో పవర్ యూసేజ్ అని ఒక కాలమ్ ఉంటుంది, ఏ యాప్ ఎక్కువ తాగుతోందో అక్కడ చూడండి. ఇంకో రెండు మాయలున్నాయి. ఒకటి, చార్జింగ్ 80 దగ్గరో 60 దగ్గరో ఆగిపోవడం. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్, అలా ఒక్కో కంపెనీకి ఒక్కో పేరు. బ్యాటరీ ఎక్కువ కాలం బతకడానికి పెట్టిన సెట్టింగ్ అది. పాత బ్యాటరీ ఉన్నప్పుడు ఆన్ చేసి మర్చిపోతారు, కొత్తదానికి కూడా అదే వర్తిస్తుంది. రెండోది, మూత మూసి బ్యాగులో పెడితే పొద్దున్నకి సగం దిగిపోవడం, బ్యాగు తెరిస్తే వేడిగా ఉండటం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఫోన్ లాగా సగం నిద్రే పోతాయి. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టుకోండి.

మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లకి ఇంత కష్టం లేదు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్, సిస్టమ్ రిపోర్ట్‌లో సైకిల్ కౌంట్ కనిపిస్తాయి. బయట వేయించిన బ్యాటరీ అయితే గుణకారం మాత్రం మీరూ చేసుకోండి.

ఇక రిటర్న్. గురువారం సాయంత్రమే పెట్టాం. "బ్యాటరీ బాగోలేదు" అని రాస్తే "కాలిబ్రేట్ చేయండి" అని జవాబొస్తుంది, నాలాగే వాళ్లూ అదే అంటారు. మేం రాసింది ఇది: లేబుల్ మీద 41 వాట్ అవర్స్, కాలిబ్రేషన్ తర్వాత రిపోర్ట్‌లో 22.6, లేబుల్ ఫొటో, రిపోర్ట్ ఫొటో. ఒకసారి తిరస్కరించారు, "వాడిన వస్తువు" అన్నారు. అవే ఫొటోలు మళ్లీ పెట్టి, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాం అని రాశాక తీసుకున్నారు. నంబర్ గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఆమె నాన్నకి డబ్బులు తిరిగొచ్చాయి కానీ బ్యాటరీ లేదు. ఇంకోటి కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో వెతకలేదు. ఒకే మోడల్లో రెండు మూడు రకాల బ్యాటరీలు వస్తాయి కాబట్టి పాత బ్యాటరీ మీదే ఉన్న పార్ట్ నంబర్ చూసి, వోల్టేజ్, వాట్ అవర్స్ సరిపోయాకే తీసుకున్నాం. లేబుల్ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అనే అంకె, పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో వస్తుంది. ఫోన్ చేతిలోనే ఉంటుంది కదా, కొట్టు ముందు నిలబడే చూసుకోవచ్చు. తయారీ తేదీ కూడా చూడండి, రెండు మూడేళ్లు గోడౌన్లో పడున్న బ్యాటరీ వాడకపోయినా ముసలిదైపోతుంది. అదే సైజులో "డబుల్ కెపాసిటీ" అన్నది కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి. రెండో బ్యాటరీకి 4,200 అయింది. అదే 11 వాట్ల వాడకానికి మూడున్నర గంటలు వస్తోంది.

ఒక్కటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నాను. టెస్టులు చేస్తున్నప్పుడు టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, క్లిక్ గట్టిపడినట్టు అనిపించినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా అన్నీ ఆపేయండి. అది ఉబ్బిన బ్యాటరీ. కాలిబ్రేషన్ వద్దు, చార్జింగ్ వద్దు, సూదితో గాలి తీద్దాం లాంటి తెలివితేటలు అసలు వద్దు, అంటుకుంటుంది. సర్వీస్ వాళ్ల చేత తీయించండి. తీసినదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుల మీదే ఉంది.

అన్నట్టు శనివారం టెస్ట్ ఏమైందో చెప్పలేదు కదూ. రిటర్న్ పెట్టాక చెల్లి పాత బ్యాటరీనే మళ్లీ బిగించింది, ఉబ్బలేదు కాబట్టి. మా ఇంటికి వచ్చి ఇన్వర్టర్ ఉన్న గదిలో కూర్చుని చార్జర్ మీద రాసింది. టెస్ట్ మధ్యలో కరెంట్ పోయింది కూడా, పది నిమిషాలు. తనకి తెలియనే లేదట. ఫోన్ మాత్రం గోడకున్న ప్లగ్‌కే పెట్టింది.